స్వరాల నడుమ నిశ్శబ్దం: యాక్టివ్ పికప్‌ల ఎంపికపై ఒక సమీక్ష

కాలేజీ ఉత్సవం. వేదిక మీద లైట్లు వెలిగాయి. గిటారిస్టు కేబుల్ గుచ్చి, డిస్టార్షన్ పెడల్ నొక్కాడు. ఇంకా ఒక్క తీగ కూడా మీటలేదు. అప్పుడే స్పీకర్లలోంచి తుమ్మెదల గుంపు లేచినట్టు రొద మొదలైంది. అరచేత్తో తీగలు అదిమాడు, ఆగలేదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాక ఆగింది. పాట మొదలయ్యాక ఆ రొద వినబడలేదు గానీ, ఎక్కడికీ పోలేదు. స్వరం తెగిన ప్రతిచోటా, ప్రతి విరామంలో మళ్లీ తలెత్తుతూనే ఉంది.

భారీ డిస్టార్షన్‌తో వాయించేవాళ్లకు ఇది బాగా తెలిసిన అనుభవం. దీనికి మందుగా వినిపించే సలహా ఒకటే: ‘యాక్టివ్ పికప్‌లు పెట్టించు.’ దాని వెనకే ఇంకో మాట వస్తుంది: ‘వాటికి అవుట్‌పుట్ చాలా ఎక్కువ.’ మొదటి మాట మంచి సలహా కావచ్చు. రెండో మాటే దారి తప్పిస్తుంది. ఒట్టి అవుట్‌పుట్ కోసం యాక్టివ్ పికప్ కొన్నవాళ్లు, తమకు అక్కర్లేనిది కొని, కావలసింది పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆ పికప్ నిజంగా ఇచ్చేవి రెండు: నిశ్శబ్దం, నిలకడ. మన వాయింపుకు ఆ రెండూ ఎంత అవసరం అన్నదే ఎంపికలో అసలు ప్రశ్న.

తీగ, అయస్కాంతం, రాగి చుట్లు

పికప్ పనిచేసే సూత్రం 1831లో ఫారడే కనిపెట్టినదే. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. దాని మీద ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్లలో విద్యుత్తు పుడుతుంది. గాలిలోని శబ్దాన్ని మైకు పట్టుకున్నట్టు పికప్ పట్టుకోదు. అది తీగ కదలికనే పట్టుకుంటుంది. ఆ బలం ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ చేతబట్టి, పుట్టగానే అణగిపోయే స్వరాన్ని గమకానికి సరిపడా నిలిపి చూపించాడు.

ఇదే చుట్టకు ఒక బలహీనత ఉంది. తీగ కదలికను పట్టినట్టే, చుట్టుపక్కల కరెంటు తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ వెదజల్లే అయస్కాంత క్షేత్రాన్నీ పట్టేస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60; అదే స్పీకర్లలో హోరుగా వినబడుతుంది. ఆ హోరుకు విరుగుడుగా గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పరికరమే హంబకర్. 1957కల్లా అది గిటార్ల మీదికి ఎక్కింది. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, చుట్టే దిశనూ అయస్కాంత ధ్రువాలనూ తిరగేస్తే బయటి హోరు రెండింటిలో ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. తీగ నాదం మాత్రం కూడుకుంటుంది. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నా భారీ సంగీతానికి హంబకరే పునాది.

అవుట్‌పుట్ పెంచితే పోయేది ఏమిటి

1970ల మొదట్లో యాంప్లిఫైయర్లలో ఇప్పుడున్నంత గెయిన్ లేదు. ట్యూబుల్లో సంకేతం చిట్లి మంచి డిస్టార్షన్ రావాలంటే వాటిని బలంగా తోసే సంకేతం గిటారు నుంచే రావాలి. 1972లో లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్ ఆ అవసరానికి జవాబు. సిరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు, బలమైన సంకేతం. గిటారుతో వచ్చిన పికప్ తీసేసి వేరేది పెట్టుకునే అలవాటు దానితోనే ఊపందుకుంది.

కానీ చుట్లు పెంచడంలో చెల్లించాల్సిన మూల్యం ఉంది. చుట్లు పెరిగితే ఇండక్టెన్స్ పెరుగుతుంది. కేబుల్‌లో ఉండే కెపాసిటెన్స్‌తో అది కలిసి ఒక అనునాద బిందువును ఏర్పరుస్తుంది. ఆ బిందువు దగ్గర శబ్దం ఉబ్బుతుంది, దాన్ని దాటితే వేగంగా పడిపోతుంది. ఒక మామూలు హంబకర్ ఇండక్టెన్స్ 4.5 హెన్రీలు, కేబుల్ 500 పికోఫారడ్లు అనుకుంటే ఆ బిందువు దాదాపు 3,350 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. చుట్లు పెంచి 8 హెన్రీలకు తీసుకెళ్లి, కేబుల్ కొంచెం పొడవుచేసి 600 పికోఫారడ్లు చేస్తే అది 2,300కి దిగిపోతుంది. తీగ మీద ప్లెక్ట్రమ్ గీసుకున్న పదును, తీగల కార్డులో ఒక్కో స్వరం విడివిడిగా వినిపించే స్పష్టత, రెండూ ఆ పైభాగంలోనే ఉంటాయి. అవుట్‌పుట్ పెరిగింది, నోరు ముద్దగా తయారైంది.

చుట్లు వద్దని అయస్కాంతాన్ని బలపరిస్తే ఇంకో చిక్కు. బలమైన అయస్కాంతం తీగను తనవైపు లాగుతుంది. తీగ స్వేచ్ఛగా ఊగదు, నాదం త్వరగా అణగుతుంది, పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి తేలిపోతుంది. బ్యాటరీ లేని పాసివ్ పికప్ తయారీ అంతా ఈ రెండింటి నడుమ బేరమే.

బేరం తప్పించుకున్న దారి

ఈ బేరాన్ని తప్పించుకోవచ్చని మొదట అనుకున్నవాళ్లు మెటల్ సంగీతకారులు కాదు. గిబ్సన్ గిటారుకు తన పేరిచ్చిన లెస్ పాల్ తక్కువ ఇంపెడెన్స్ పికప్‌లనే ఇష్టపడేవాడు. తక్కువ చుట్లుంటే పదును పోదని, పొడుగు కేబుల్ వాడినా నష్టం ఉండదని ఆయన వాదన. గిబ్సన్ 1969లో అలాంటి మోడళ్లు తెచ్చింది. అవి మార్కెట్లో నిలబడలేదు. అదే రోజుల్లో కాలిఫోర్నియాలో రాన్ వికర్‌షామ్ మొదలుపెట్టిన అలెంబిక్ సంస్థ, బేస్ గిటార్ల లోపలే చిన్న యాంప్లిఫైయర్ అమర్చడం మొదలుపెట్టింది. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బేస్ ఆ పద్ధతిని ఎక్కువ మందికి చేరువ చేసింది.

అదే 1976లో రాబ్ టర్నర్ కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో ప్రారంభించిన సంస్థ తరవాత ఈఎమ్‌జీ పేరుతో స్థిరపడింది. అతను చేసిన పని చెప్పడానికి సులువు. చుట్లు తగ్గించాడు, కాబట్టి పదును నిలిచింది. చుట్లు తగ్గితే సంకేతం బలహీనపడుతుంది, కాబట్టి ఒక చిన్న ప్రీయాంప్లిఫైయర్‌ను పికప్ డబ్బాలోనే పెట్టి 9 వోల్టుల బ్యాటరీతో నడిపాడు. మొత్తాన్ని ఎపాక్సీ పోసి మూసేశాడు. యాక్టివ్ పికప్ అంటే ఇదే. పాసివ్ పికప్ అనునాద బిందువు దగ్గర ఇంపెడెన్స్ వందల కిలో ఓములకు ఎక్కుతుంది, ఈఎమ్‌జీ పికప్ బయటికి చూపించేది 10 కిలో ఓములు మాత్రమే. కేబుల్ పొడుగు ఎంతున్నా పదును పెద్దగా పోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న తీగ యాంటెన్నాలా రొదను లాక్కునే గుణం చాలావరకు పోతుంది.

1980ల నుంచి మెటాలికా గిటారిస్టుల చేతుల్లో ఈఎమ్‌జీ 81 పికప్ థ్రాష్ సంగీతానికి గుర్తుగా మారింది. జేమ్స్ హెట్‌ఫీల్డ్ బ్రిడ్జి దగ్గర 81, నెక్ దగ్గర 60 పెట్టుకున్నాడు. జాక్ వైల్డ్ జత 81, 85. అంటే సిరామిక్ అయస్కాంతం బ్రిడ్జి దగ్గర, ఆల్నికో అయస్కాంతం నెక్ దగ్గర. అరచేతి అంచుతో తీగలు అదిమి ‘జుగ్ జుగ్’ మంటూ వేగంగా కొట్టే వాయింపులో ప్రతి దెబ్బా మొదలయ్యేదీ తెగేదీ కత్తితో కోసినట్టు వినబడాలి. అందులో సగం సంగీతం దెబ్బల మధ్య ఖాళీలో ఉంది. తాళంలో విరామం ఎంత బరువైనదో తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. 81 ఆ ఖాళీని శుభ్రంగా ఉంచింది. దాని గొప్పంతా అక్కడుంది.

ఇది మెటల్‌కే పరిమితమైన సంగతి కాదనడానికి డేవిడ్ గిల్మర్ సాక్ష్యం. పింక్ ఫ్లాయిడ్‌లో 1980ల చివరి నుంచి చాలా ఏళ్లు అతను వాయించిన ఎర్ర స్ట్రాటోకాస్టర్‌లో ఉన్నవి ఈఎమ్‌జీ ఎస్ఏ పికప్‌లు. భారీ వేదిక, లెక్కలేనన్ని లైట్లు, పొడుగు కేబుళ్లు, నెమ్మదిగా సాగదీసే స్వరాలు. అతనికి కావలసింది అవుట్‌పుట్ కాదు, నెమ్మదైన స్వరం వెనక రొద లేకపోవడం.

ఇప్పుడు ఎదురుగా ఉన్న దారులు

ఈ రోజు అవుట్‌పుట్ ఎక్కువ కావాలనుకునేవాడి ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది ఈఎమ్‌జీ పాత దారి: 81, 85, 60. ఏడు తీగలకు 707, ఎనిమిది తీగలకు 808. నాదం బిగుతుగా, మధ్య స్థాయిలో ముందుకు తోసుకొచ్చేలా ఉంటుంది. పదుల ఏళ్లుగా రికార్డుల్లో విన్న శబ్దమే కావాలంటే ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు. తరవాత వచ్చిన ఎక్స్ శ్రేణిలో హెడ్‌రూమ్, అంటే గట్టిగా కొట్టినా సంకేతం తెగకుండా ఊగే చోటు, పెంచారు. 57, 66 జత పాత గిబ్సన్ హంబకర్ల గుణాన్ని యాక్టివ్‌లోకి తెచ్చే ప్రయత్నం. యాక్టివ్ అంటే పొడిగా, నిర్జీవంగా ఉంటుందని భయపడేవాళ్లు ముందు ఈ జతను వినాలి.

రెండోది సీమోర్ డంకన్ కంపెనీ బ్లాకౌట్స్. రెండు చుట్టలనూ సమానంగా తూచి, బ్యాలెన్స్‌డ్ పద్ధతిలో ప్రీయాంప్‌కు ఇస్తారు. స్టూడియో మైకు కేబుల్ రొదను రద్దుచేసే సూత్రమే ఇక్కడా ఉంది. నాదం 81 కన్నా నిండుగా, తోపు ఎక్కువగా ఉంటుంది. పెద్ద శబ్దంతోపాటు కింది స్థాయి బరువు కూడా కావాలనుకునేవాళ్లకు నప్పుతుంది. ఇప్పటికే బేస్ ఎక్కువైన గిటారులో పెడితే ముద్దయ్యే అవకాశం ఉంది.

మూడోది 2014లో వచ్చిన ఫిష్‌మన్ ఫ్లూయెన్స్. ఇందులో రాగి తీగ చుట్టడమే లేదు. సర్క్యూట్ బోర్డుల మీద అచ్చువేసిన చుట్లను పొరలు పొరలుగా పేర్చారు. చేతితో చుట్టే తేడా లేదు కాబట్టి ఒక పికప్‌కీ ఇంకో పికప్‌కీ నాదం మారదు. నాబ్ లాగితే ఒకే పికప్ రెండు కంఠాలతో పలుకుతుంది: ఒకటి ఆధునిక యాక్టివ్, ఇంకోటి పాసివ్ హంబకర్ తరహా. టోసిన్ అబాసీ, డెవిన్ టౌన్‌సెండ్ లాంటివాళ్ల పేర్లతో ప్రత్యేక సెట్లున్నాయి. భారీ డిస్టార్షన్, శుభ్రమైన ఆర్పెజియో ఒకే పాటలో వాయించేవాళ్లకు నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా వెసులుబాటున్న ఎంపిక. దీని ప్రీయాంప్ బ్యాటరీని ఈఎమ్‌జీ కన్నా చాలా ఎక్కువగా తాగుతుంది. అందుకే ఆ కంపెనీ మళ్లీ ఛార్జి చేసుకునే బ్యాటరీ ప్యాకులు కూడా అమ్ముతోంది.

నాలుగోది యాక్టివ్‌ను వదిలేసే దారి. ఏడెనిమిది తీగల ఆధునిక మెటల్‌లో పేరున్న చాలామంది పాసివ్‌కు తిరిగివచ్చారు. పెరిఫరీ బృందానికి చెందిన మీషా మన్సూర్‌తో కలిసి ఇంగ్లండ్‌లోని బేర్ నకల్ చేసిన జగర్‌నాట్ సెట్ దానికి మంచి ఉదాహరణ. ఈ తిరుగుప్రయాణానికి కారణం యాంప్‌లలో ఉంది. 1981లో మార్షల్ జేసీఎం800, 1990ల మొదట్లో పీవీ 5150, మీసా బూగీ డ్యూయల్ రెక్టిఫైయర్ వచ్చాక గెయిన్‌కు కరువు తీరింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ యాంప్‌లలో దానికి హద్దే లేదు. 1972లో పికప్ చేయాల్సిన పనిని యాంపే చేస్తోంది. ఇంత గెయిన్ ఉన్న యాంప్‌ను పికప్‌తో ఇంకా తోస్తే లాభం లేదు. దానికి కావలసింది స్పష్టమైన, శుభ్రమైన సంకేతం.

ఎదురువాదం కూడా బలమైనదే

యాక్టివ్ పికప్‌ల మీద పాత ఫిర్యాదు ‘చేతికి స్పందించవు’ అని. దీన్ని అపోహ అని కొట్టిపారేయలేం. 9 వోల్టుల మీద నడిచే ప్రీయాంప్ అటూ ఇటూ కలిపి 9 వోల్టులకు మించి ఊగలేదు. గట్టిగా కొడితే శిఖరాలు కోసుకుపోతాయి. అందుకే కొందరు రెండు బ్యాటరీలు వరసగా కలిపి 18 వోల్టులు ఇస్తారు. ఈఎమ్‌జీ 81 అయితే 27 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అలా చేస్తే అవుట్‌పుట్ పెరగదు. మెత్తని దెబ్బకూ గట్టి దెబ్బకూ మధ్య తేడా విప్పారుతుంది. ఇతర కంపెనీల పికప్‌లకు ఈ పని చేసేముందు వాటి మాన్యువల్ చూడాలి.

రెండో ఫిర్యాదు వాల్యూమ్ నాబ్ గురించి. పాసివ్ గిటారులో వాల్యూమ్ తగ్గిస్తే పదునూ కొంచెం తగ్గుతుంది, డిస్టార్షన్ మెల్లగా శుభ్రమవుతుంది. బ్లూస్, పాత రాక్ వాయించేవాళ్లకు ఆ నాబ్ ఒక వాద్యమే. 1966లో వచ్చిన ఫజ్‌ఫేస్ లాంటి పెడళ్లు గిటారు చుట్టతో నేరుగా ముడిపడి పనిచేస్తాయి, నడుమ ప్రీయాంప్ వస్తే గరగరమని కీచుగా మారతాయి. అలాంటి సంగీతం మీదైతే యాక్టివ్ పికప్ మీ చేతిలోని ఒక వేలు తీసేసినట్టే.

పెట్టించే ముందు

మొదట చేయాల్సిన పని ఏమీ కొనకపోవడం. రొద మీ సమస్య అయితే, ముందు గిటారు లోపలి గుంటలకు రాగి రేకు అతికించి గ్రౌండ్‌కు కలపండి, మంచి కేబుల్ వాడండి, ఫ్లోరోసెంట్ లైట్లకూ కంప్యూటర్ తెరకూ దూరంగా నిలబడండి. హంబకర్ ఉన్న గిటారులో సగం రొద వీటితోనే పోవచ్చు. పికప్ ఎత్తు సరిచేయడం కూడా ఉచితమే. యాక్టివ్ పికప్ తీగను లాగేది తక్కువ కాబట్టి దగ్గరికి జరపొచ్చు, పాసివ్‌ను అంత దగ్గరికి తేకూడదు.

అప్పటికీ యాక్టివ్ కావాలనుకుంటే లోపల చోటు చూడండి. 9 వోల్టుల బ్యాటరీ పట్టే గుంట చాలా గిటార్లలో ఉండదు, కొయ్య తొలచాల్సి వస్తుంది. నాబ్‌ల కింది పాట్లు (పొటెన్షియోమీటర్లు) కూడా మారాలి. పాసివ్ హంబకర్‌కు 500 కిలో ఓముల పాట్ వాడితే, ఈఎమ్‌జీకి 25 కిలో ఓములది కావాలి. పాత పాటే ఉంచేస్తే వాల్యూమ్ మెల్లగా తగ్గదు, స్విచ్ వేసినట్టు పడిపోతుంది. ఒకే గిటారులో ఒకటి యాక్టివ్, ఒకటి పాసివ్ పెట్టాలన్న కోరికకు కూడా ఇదే అడ్డం: పాట్ ఒకదానికి సరిపోతే రెండోది పాడవుతుంది. కొత్త ఈఎమ్‌జీలకు టంకం అక్కర్లేని ప్లగ్గులు వస్తాయి, ఓపికున్నవాళ్లు ఇంట్లోనే బిగించుకోవచ్చు.

బ్యాటరీ గురించి లెక్క చెప్పుకుందాం. ఈఎమ్‌జీ 81 ఒక్కటి 80 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుంది. కంపెనీ లెక్కన ఒక బ్యాటరీ దాదాపు 3,000 గంటలు నడుస్తుంది. రెండు పికప్‌లుంటే 1,500. రోజుకు రెండు గంటలు వాయిస్తే రెండేళ్లు. కానీ కేబుల్ గుచ్చగానే జాక్ బ్యాటరీని కలుపుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ తీయకుండా మూలన నిలబెడితే అవే 1,500 గంటలు రెండు నెలల్లో కరిగిపోతాయి. అలవాటుగా కేబుల్ తీయండి, ఆల్కలైన్ బ్యాటరీ వాడండి, ఏడాదికోసారి మార్చండి. కచేరీకి వెళ్లేటప్పుడు సంచిలో ఒకటి అదనంగా ఉండాలి. ఆగిపోయే ముందు బ్యాటరీ నాదాన్ని చిట్లగొట్టి, బలహీనపరిచి సూచన ఇస్తుంది. ఆ సూచన కచేరీ నడుమ రాకూడదు.

ఇక భద్రత. ఇది మన వేదికలకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పాసివ్ గిటారులో రొద తగ్గడానికి తీగలను గ్రౌండ్‌కు కలుపుతారు. యాంప్‌కు ఎర్తింగ్ సరిగా లేకపోతే, మైకు వేరే లైను నుంచి వస్తుంటే, తీగల మీద చేయి ఉంచి మైకుకు పెదవులు తగిలించిన గాయకుడి ఒంట్లోంచి కరెంటు పోతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీదే మైకు తాకి చనిపోయాడు. ఈఎమ్‌జీ పికప్‌లకు తీగలను గ్రౌండ్ చేయాల్సిన పని లేదు, ఆ గ్రౌండ్ వైరు తీసేయమని కంపెనీయే చెబుతుంది. షామియానా కింద జనరేటరు మీద, పాత హాళ్లలో మూడో పిన్ను పేరుకే ఉన్న సాకెట్ల మీద వాయించేవాళ్లకు ఇది అవుట్‌పుట్ కన్నా విలువైన లాభం. అయినా ఇది పూర్తి రక్షణ కాదు. జాక్, లోహపు నాబ్‌లు ఇంకా గ్రౌండ్‌తోనే ముడిపడి ఉంటాయి. వేదిక ఎర్తింగ్‌ను పరీక్షించనిదే ఎవరూ మైకు ముట్టకూడదు.

ఎవరికి ఏది

శ్రుతి దించి వేగంగా అదిమి కొట్టే మెటల్ ఒక్కటే మీ సంగీతమైతే ఈఎమ్‌జీ 81 ఇప్పటికీ తిరుగులేనిది. బరువు కూడా కావాలంటే బ్లాకౌట్స్. ఒకే గిటారుతో అన్నీ వాయించాలంటే ఫ్లూయెన్స్. ఎక్కువ గెయిన్ ఉన్న యాంప్ ఉండి, వేళ్ల ఒత్తిడిలో తేడా వినిపించాలంటే మధ్యస్థంగా చుట్టిన పాసివ్ హంబకర్, దానికి తోడు మంచి షీల్డింగ్. బ్లూస్, ఫజ్ మీ ప్రాణమైతే యాక్టివ్ జోలికి పోకండి.

కొనే ముందు పరీక్ష ఒకటుంది. దుకాణంలో గిటారు తీసుకుని యాంప్‌లో గెయిన్ మీరు నిజంగా వాడేంత పెంచండి. మొదట ఏమీ వాయించకండి. తీగలు అరచేత్తో అదిమి పది సెకన్లు వినండి. తరవాత ఒకే తీగ మీద అదిమి కొట్టే లయ వాయిస్తూ దెబ్బల్ని వదిలేసి, దెబ్బల మధ్య ఖాళీని వినండి. ఆపైన ఒక పూర్తి కార్డు మెత్తగా మీటి, అందులో ఎన్ని స్వరాలు విడివిడిగా వినబడుతున్నాయో లెక్కపెట్టండి. చివరికి వాల్యూమ్ సగానికి తగ్గించి అదే కార్డు మళ్లీ మీటండి. ఎంత పెద్దగా మోగిందన్నది ఈ నాలుగింటిలో ఎక్కడా లేదని గమనించండి. దాన్ని యాంప్ చూసుకుంటుంది. పికప్‌ను ఎంచుకోవలసింది మీరు ఆపిన చోట అది కూడా ఆగుతుందా, మీరు మెత్తగా మీటిన చోట అది కూడా మెత్తబడుతుందా అన్నది చూసి.